రూతు పేరున్న ఇటుక

ఇల్లు వదిలి

మోరిస్‌విల్‌లో మా చర్చి సంఘం ఆడవాళ్ళకి నేను నెబ్రాస్కా ఎందుకు వెళ్ళానో అసలు సంగతి ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఎవరో పిలిచారు, మొక్కజొన్న చేలు చూసొస్తాం అన్నానంతే. నిజానికి ఇంట్లో ఉండటానికి భయమేసి వెళ్ళాను.

మా అమ్మాయి రూతు ఆర్మీలో నర్సు. ఆ ఏడు ఆఫ్ఘనిస్తాన్‌లో ఒక ఆసుపత్రిలో ఉంది. రెండ్రోజులకోసారి ఫోన్ చేసేది. రెండు నిమిషాలే, "అన్నం తిన్నావా" అని నేను, "తిన్నా" అని తను. వెళ్ళేముందే నాకో మాట చెప్పింది. "అమ్మా, కాల్ రాకపోతే వర్రీ అవకు. ఇక్కడ ఎవరికైనా ఏదైనా అయితే అందరి ఫోన్స్ కట్ చేస్తారు. వాళ్ళింట్లో చెప్పేదాకా ఎవరూ కాల్ చేయకూడదు." నన్ను తినేసింది ఆ మాటే. ఫోన్ రాలేదంటే ఎవరికో ఏదో అయిందన్నమాట. ఆ ఎవరో ఎవరు?

వాళ్ళింట్లో చెప్పడమంటే ఫోన్లో చెప్పరు. యూనిఫాం వేసుకున్న ఇద్దరు కారులో వచ్చి తలుపు తడతారు.

ఆ మే నెలలో, యుద్ధాల్లో పోయినవాళ్ళని తలుచుకునే మెమోరియల్ డే ముందు వారం, బుధవారం రావాల్సిన ఫోన్ రాలేదు. మా ఇంటి ముందు రోడ్డుకి అడ్డంగా చిన్న గట్టు ఉంది, ప్రతి కారూ అక్కడికొచ్చి నెమ్మదిస్తుంది. ఆ సాయంత్రం ఆఫీసుల నుంచి వచ్చే కారు కారుకీ నేను పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని కొయ్యబారిపోయాను. పప్పు అడుగంటింది.

మార్లీన్ అనే ఆవిడ రాసిన ఉత్తరం నెల రోజులుగా మా ఫ్రిజ్ మీద ఉంది. వాళ్ళబ్బాయి కైల్‌కి ఇరవై రెండేళ్ళు, దెబ్బలు తగిలి రూతు ఉన్న ఆసుపత్రిలోనే పోయాడు. ఆఖరి గంటల్లో రూతు వాడి పక్కనే కూర్చుందట, తరవాత ఆ తల్లికి ఉత్తరం రాసిందట. "ఆ అమ్మాయిని కన్నవాళ్ళని చూడాలి, మెమోరియల్ డేకి మా ఊరు రండి" అని మార్లీన్ పిలుపు. కూతురు యుద్ధంలో ఉండగా కొడుకు పోయిన ఇంటికి వెళ్ళడానికి నాకు మనసొప్పలేదు. చెడ్డ మాట కానీ దాచుకోను, ఆవిడ దుఃఖం నాకు అంటుకుంటుందేమోనని భయం.

గురువారం పొద్దున్నే మా ఆయనతో, "ఏవండీ, ఆ మార్లీన్ గారింటికి వెళ్దామా" అన్నాను.

"నెల్నాళ్ళూ వద్దన్నావుగా."

"ఇవాళ వెళ్దామంటున్నాను."

ఆయన చదువుతున్న బైబిల్ మూశారు. "మనం ఇంట్లో లేకపోతే వాళ్ళు రారనుకుంటున్నావా సువార్తా?"

"తలుపు తీసేవాళ్ళు లేకపోతే చెప్పేది ఎవరికి చెప్తారు?"

ఆయన లేచి మార్లీన్‌కి వస్తున్నామని ఫోన్ చేశారు. కారులో ఆయిల్ చూసుకోవడానికి వెళ్ళారు. నేను పులిహోర కలిపాను, డజను గుడ్లు ఉడకేశాను, మార్లీన్‌కి ఇవ్వడానికి మూతున్న స్టీలు డబ్బా ఒకటి తీశాను. దాని మీద నా పెళ్ళినాటి చుక్కల అక్షరాలతో నా పేరుంది.

కెంటకీ కొండల్లో

కొండల్లో దారంతా మా ఆయన ఫోన్ నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సిగ్నల్ గీతలు నాలుగు నుంచి మూడు, మూడు నుంచి ఒకటి, సొరంగం దగ్గర అసలు లేవు. లేనంతసేపూ ఊపిరి బిగబట్టాను. మళ్ళీ గీతలొస్తే వచ్చాయని భయం.

ఆ రాత్రి దిగిన మోటెల్ యాభై రెండు డాలర్లు, పొద్దున టిఫినుతో కలిపి. టిఫినంటే గళ్ళగళ్ళ అట్లు వేసుకునే పెనం, పక్కన పిండి. ఎవరట్టు వాళ్ళే వేసుకోవాలి. నేను మినపట్టు లెక్కన రెండు గరిటెలు ధారాళంగా పోసి మూత వేశాను. పిండి నాలుగు పక్కలా పొంగి బల్ల మీదికి, బల్ల మీంచి నా చెప్పుల మీదికి కారింది. అక్కడ పనిచేసే పెద్దావిడ గుడ్డ తెచ్చి తుడుస్తూ, "రోజుకొకరు ఇలా చేస్తారు హనీ, ఇవాళ నీ వంతు" అంది. నవ్వుదామనుకున్నాను, ఏడుపొచ్చింది. ఆవిడ ఏమీ అడగకుండా తనే ఒక అట్టు వేసి నా పళ్ళెంలో పెట్టింది. చక్కెర పాకం పోసుకుంటే మన బొబ్బట్టుకి దూరపు చుట్టంలా ఉంది.

ఇల్లినాయిస్ గ్యాస్ స్టేషన్

రెండో రోజు మధ్యాహ్నం గ్యాస్ కోసం ఆగాం, ఇక్కడ పెట్రోలుని అలాగే అంటారు. మా ఆయన లోపలికి కాఫీకి వెళ్ళారు. నేను కారులో కూర్చుని గుడ్డు ఒలుచుకుంటున్నాను. తల ఎత్తేసరికి ఇద్దరు మనుషులు, ఆర్మీ యూనిఫాంలో, తిన్నగా మా కారు వైపే నడిచొస్తున్నారు.

నేను తలుపులన్నీ లాక్ చేశాను. సీటు ముందున్న కాస్త జాగాలోకి దిగి ముడుచుకుని చీర కొంగు నెత్తిన కప్పుకున్నాను. దారిలో కూడా పట్టుకుంటారా, మేం ఎక్కడున్నామో వీళ్ళకెలా తెలిసింది అనుకున్నాను. అద్దం మీద తట్టారు. కళ్ళు తెరవలేదు. మళ్ళీ తట్టారు. గుడ్డు నా గుప్పిట్లో నలిగిపోయింది.

మా ఆయన గొంతు వినబడింది, నవ్వులు వినబడ్డాయి. తరవాత ఆయన తాళంతో తలుపు తీశారు.

"గ్యాస్ మూత పెట్టకుండా కారు మీద వదిలేశానట. చెప్పడానికొచ్చారు, పాపం." నన్ను ఆ జాగాలో చూసి ఆయన నవ్వు ఆగిపోయింది. పక్కన కూర్చుని నా చెయ్యి తెరిచి పచ్చసొన తుడిచారు. "వాళ్ళు సెలవు మీద ఇళ్ళకి వెళ్తున్నారు. రూతంత వయసు లేదు ఇద్దరికీ."

చాలాసేపు కారు తియ్యలేకపోయారు. తాళం రెండుసార్లు జారి కింద పడింది.

మార్లీన్ ఊరు

శనివారం సాయంత్రానికి చేరాం. ఊరి పేరు రాయను, మార్లీన్ వద్దంది. మహా అయితే నాలుగొందల గడప. ముందు కనబడేది చర్చి కాదు, ధాన్యం నిలవ చేసే తెల్లటి గొట్టాలు, తాటిచెట్ల కంటే ఎత్తు. చుట్టూ జానెడు మొక్కజొన్న. కృష్ణా కాలవ కింద పుట్టినదాన్ని, చేను కొత్త కాదు నాకు. కానీ గట్టు లేని చేను, నీళ్ళ చప్పుడు లేని చేను అదే చూడటం. మైలు దూరంలో కారు వస్తుంటే దుమ్ము కనబడుతుంది.

ఊళ్ళోకి వెళ్ళగానే కరెంటు స్తంభాలకి వరసగా బ్యానర్లు. ఒక్కోదాని మీద ఒక్కో సైనికుడి నిలువెత్తు ఫొటో, కింద పేరు. మన దగ్గర అంత ఫ్లెక్సీ కట్టారంటే ఎమ్మెల్యే పుట్టినరోజన్నా అయ్యుండాలి, మనిషన్నా పోయుండాలి. ఇంత చిన్న ఊళ్ళో ఇంతమంది పోయారా అని లెక్కపెట్టి, పద్దెనిమిది దగ్గర మానేశాను.

మార్లీన్ ఇల్లు ఊరి చివర, చేలకి ఆనుకుని ఉంది. ఆవిడ నా ఈడుదే. మగవాళ్ళ చొక్కా, ఎండకి కందిన మెడ. కారు దిగీ దిగకముందే నన్ను కావలించుకుంది. నా ఒళ్ళు బిగుసుకుపోయింది, ఆవిడకి తెలిసే ఉంటుంది. కిటికీలో బంగారు రంగు నక్షత్రం ఉన్న చిన్న జెండా వేలాడుతోంది. కొడుకు పోయిన ఇంటికి గుర్తట.

భోజనానికి పందిమాంసం ముక్కలు, పాలల్లో ఉడికిన బంగాళాదుంపలు, క్యారెట్ తురుము వేసిన ఆకుపచ్చ జెల్లీ. అది కూరా తీపా అన్నది నాకిప్పటికీ తేలలేదు. పెరట్లో ఎర్ర కాడల మొక్క ఒకటుంది, రూబార్బ్. కొరికి చూస్తే అచ్చం గోంగూర పులుపు. వాళ్ళు దాన్ని చక్కెరలో ముంచి పై చేస్తారు. పప్పులో వేస్తానంటే మార్లీన్ నవ్వింది. "వేసి పెట్టు. మా ఆయన చావకపోతే నేనూ తింటాను." వాళ్ళాయన డ్వేన్ పళ్ళెంలోంచి తల ఎత్తి, "నన్నే ముందు తినమంటుంది ఎప్పుడూ" అన్నాడు. మేమున్నన్ని రోజుల్లో అతను అన్న పొడుగైన మాట అదే.

రూబార్బ్ కోస్తూనే మార్లీన్ చెప్పింది. అడగకూడదని మూడు రోజులుగా అనుకుంటూ వచ్చాను, అడక్కుండానే చెప్పింది. నాకు అర్థం కానివి మా ఆయన నెమ్మదిగా తెలుగులో అన్నారు.

"నేనిక్కడే ఉన్నాను, ఈ మొక్కల్లోనే. మైలు దూరంలో దుమ్ము లేచింది. మా రోడ్డు మీదికి తిరిగింది. పాల లారీ కాదు, పోస్ట్ కాదు. లోపలికెళ్ళి తలుపు గడియ పెట్టాను. వాళ్ళిద్దరూ వరండాలో నిలబడ్డారు. తట్టారు. నేను తియ్యలేదు. తలుపు తియ్యనంతసేపూ వాడు బతికే ఉన్నాడు కదా. గంటసేపు ఆ వేడిలో నిలబెట్టాను వాళ్ళని. తరవాత చూస్తే, ఇద్దర్లో చిన్నవాడు మరీ కుర్రాడు, చెమటలు కక్కుతున్నాడు. మంచినీళ్ళిద్దామని తీశాను."

నేను కత్తి కింద పెట్టేశాను. మా ఆయన నావైపు చూడలేదు.

జెండా స్తంభం దగ్గర

ఆదివారం చర్చి అయ్యాక మమ్మల్ని ఊరి పార్కుకి తీసుకెళ్ళింది. నల్లరాతి పలక, జెండా స్తంభం, ఎప్పటిదో ఫిరంగి ఒకటి, దాని గొట్టంలో పిచ్చుక గూడు. చుట్టూ నేలంతా ఎర్ర ఇటుకలు పరిచారు. ఇటుక ఇటుకకీ చెక్కిన పేరు. ఆడవాళ్ళు కొందరు పియనీ పూలు బకెట్లలో పెట్టుకుని సమాధుల తోటకి వెళ్తున్నారు. మా ఊళ్ళో ఈస్టర్ తెల్లవారుజామున బంతిపూలు, కొవ్వొత్తులు పట్టుకెళ్తాం, అదే నడక, అదే గొంతులు తగ్గించి మాట్లాడుకోవడం. ఒక్క నిమిషం మనవాళ్ళ మధ్యే ఉన్నట్టనిపించింది.

"నీకోటి చూపించాలి" అని మార్లీన్ నా చెయ్యి పట్టుకుని స్తంభానికి తూర్పు పక్కకి నడిపించింది. కైల్ పేరున్న ఇటుక. పక్కనే ఇంకోటి, కొత్తది, అంచులింకా పదును. నాకు ఇంగ్లీషు చదవడం అంతంతే, కానీ ఆ పేరు ఏ భాషలోనైనా గుర్తుపడతాను. రూత్ మేకల.

"మీకు చెప్పకుండా చేయించాను" అంది మార్లీన్. "వాడి పక్కన కూర్చుంది కదా. పక్కనే ఉండాలనిపించింది."

గిన్నెల మీద, చర్చికిచ్చే ఫ్యాన్ల మీద మనం బతికున్నవాళ్ళ పేర్లూ రాయిస్తాం. నేలలో పాతిన దాని మీద పేరు రాయించేది మాత్రం ఒక్కసారే. నా కూతురి పేరు నేలలో ఉంది, చచ్చిపోయిన వాడి పక్కన. ఫోన్ రాక నాలుగు రోజులు. చూస్తుండగానే ఎవరి పిల్లో ఐస్‌ఫ్రూట్ తింటూ దాని మీదుగా నడిచి వెళ్ళిపోయింది.

"థ్యాంక్యూ" అన్నాను. నవ్వాను కూడా. మా ఆయన నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. ఆ పూట రూబార్బ్ పప్పు డ్వేన్ మూడుసార్లు వడ్డించుకున్నాడు. నేను మెతుకు ముట్టలేదు.

చెంచా

సోమవారం వెలుగొస్తూనే లేచాను. మార్లీన్ వంటింట్లోంచి పెద్ద చెంచా ఒకటి తీసుకుని, పార్కు నాలుగు వీధులే కనక నడిచి వెళ్ళాను. ఎవరూ లేరు. జెండా ఇంకా ఎక్కలేదు. ఇటుక చుట్టూ ఇసుక చెంచాతో గీకడం మొదలుపెట్టాను. ప్రభువా, ఇది తప్పయితే నా మీద వెయ్యి, నా బిడ్డ మీద వెయ్యకు అంటూనే గీకాను. ఒక మూల కదిలింది. చెంచా దూర్చి ఎత్తబోతే కాడ వంగిపోయింది.

"దానికి చెంచా చాలదు మేడమ్."

వెనక ముసలాయన, మడతపెట్టిన జెండా చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. ఎర్ల్ అట, రోజూ జెండా ఎక్కించేది ఆయనే. నా చేతిలో చెంచా దాచుకోవడానికి చోటు లేదు. ఎవరి పేరు అని అడిగాడు. మా అమ్మాయి అన్నాను. పోయిందా అన్నాడు.

"తెలీదు" అన్నాను. నోటితో ఆ మాట అనడం అదే మొదటిసారి. "ఫోన్ లేదు. పేరు ఇక్కడ. పేరు బ్యాడ్."

నా విరిగిన ఇంగ్లీషు ఆయనకి ఎంత అందిందో గానీ, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నా పక్కన కూర్చున్నాడు. కైల్ ఇటుక మూల చెక్కిన చిన్న నక్షత్రాన్ని వేలితో చూపించాడు. "తిరిగి రానివాళ్ళకి ఇది." రూతు ఇటుక మూల చూపించాడు. "లేదు." తరవాత నన్ను లేపి అవతలి వరసకి తీసుకెళ్ళాడు. అక్కడ ఆయన పేరే ఉంది. వియత్నాం వెళ్ళొచ్చాడట. "వాళ్ళు దీన్ని పాతిన రోజు నుంచి దీని మీదే నిలబడి జెండా ఎక్కిస్తున్నాను. పొద్దున గుడ్లు కూడా తిన్నాను."

నేను వంగి చూశాను. "స్టార్‌కి ప్లేస్ ఉంది" అన్నాను. ఆయన పేరు పక్కన కూడా, రూతు పేరు పక్కన ఉన్నట్టే, నక్షత్రానికి సరిపడా ఖాళీ.

ఆయన అది కాదనలేదు. "ఉంటుంది" అన్నాడు. "అందరికీ వదులుతారు."

జెండా పైదాకా ఎక్కించి, మళ్ళీ సగానికి దించి కట్టాడు. ఆ రోజు మధ్యాహ్నం దాకా సగంలోనే ఉంచుతారట. ఇద్దరం ఇసుక వెనక్కి తోసి ఇటుకని కాళ్ళతో తొక్కాం. సరిగా కూచోలేదు. ఎర్ల్ తల గోక్కుని, "నేను చూడలేదు, నువ్వు చెయ్యలేదు" అన్నాడు.

పేర్లు చదివేటప్పుడు

పది గంటలకి ఊరు ఊరంతా చేరింది, మడత కుర్చీలు తెచ్చుకుని. బ్యానర్ల మీది మొహాలు కొన్ని ఆ కుర్చీల్లోనే కూర్చుని కాఫీ తాగుతున్నాయి. పోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదువుతారు, పేరు పేరుకీ గంట కొడతారు. కైల్ పేరు ఆఖరున. వాడి గంట మోగుతుండగా మా ఆయన జేబులో ఫోన్ మోగింది.

అందరూ తిరిగి చూశారు. ఆయన తీసి చూసి, అంకెలు ఎక్కువున్న నంబరు, నా చేతిలో పెట్టేశారు. తనకి ధైర్యం లేక.

"అమ్మా."

ఫోన్ రెండు చేతులతో చెవికి అదుముకున్నాను.

"అమ్మా, నేనే. వినిపిస్తుందా? ఫోన్స్ లేవు, అందుకే. ఒకటి అయ్యాక ఇంకోటి, ఇంకోటి. నేను ఓకే."

"అన్నం తిన్నావా?"

"తిన్నా. ఇంట్లో ఉన్నావా?"

"లేనమ్మా. మార్లీన్ వాళ్ళ ఊళ్ళో ఉన్నాం." ఆగలేక అడిగేశాను. "ఎవరమ్మా? ఎవరికయింది?"

"అడగకు అమ్మా." దాని గొంతు చిన్నప్పటిలా అయిపోయింది. "నా ఫ్రెండ్ ఒకత్తి. వాళ్ళ మమ్మీకి చెప్పేశారు ఇప్పుడు."

ఫోన్ పెట్టేశాక నేల మీదే కూర్చుండిపోయాను. స్తోత్రం అనాలని నోరు తెరిచాను. మా ఫోన్ మోగిందంటే ఇంకెక్కడో ఎవరింటి ముందో కారు ఆగింది, ఎవరో తల్లి తలుపు తీసింది. తల ఎత్తితే మార్లీన్ నన్నే చూస్తోంది. ఆవిడకి తెలుగు రాదు. అయినా అంతా తెలిసిపోయింది. నా పక్కన గడ్డిలో కూర్చుని నా వీపు మీద చెయ్యి వేసింది. ఈసారి నా ఒళ్ళు బిగుసుకోలేదు.

బయల్దేరేటప్పుడు

మర్నాడు పొద్దున సామాను సర్దుతుంటే మార్లీన్ వచ్చింది. నా స్టీలు డబ్బా నిండా రూబార్బ్ ముక్కలు, మీద నేను వంటింట్లో గుట్టుగా పెట్టేసిన ఆ వంగిన చెంచా, అది వాళ్ళమ్మ నాటిదట.  ఇంకో చేత్తో డ్వేన్ పెద్ద స్క్రూడ్రైవర్ ఇచ్చింది.

"కావాలంటే ఊరు దాటేముందు ఆగి తీసేసుకో. చెంచాతో రాదు" అంది. "ఏమైనా ఉపయోగం ఉంటుందని తెలిస్తే నేను వాడిదాన్ని గోళ్ళతో తవ్వేదాన్ని."

పార్కు దగ్గర మా ఆయన కారు ఆపారు, నేను చెప్పకుండానే. దిగలేదు నేను. స్క్రూడ్రైవర్ ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూశాను. "పదండి" అన్నాను.

రూతు ఆ చలికాలం తిరిగొచ్చింది. ఇప్పుడు ఇక్కడే ఆసుపత్రిలో చేస్తోంది. ఎవరికయిందో ఇప్పటికీ చెప్పదు, నేనూ అడగను. వీధిలో గట్టు దగ్గర కారు నెమ్మదిస్తే ఇంకా నా చెయ్యి గరిటె మీద ఆగుతుంది. మార్లీన్ ఏడాదికోసారి రాస్తుంది. ఒక ఉత్తరంలో, శీతాకాలం మంచుకి నేల ఉబ్బి తూర్పు వరసలో ఒక ఇటుక వేలెడు పైకి లేస్తోందని, ఎర్ల్ ఎంత సరిచేసినా నిలవడం లేదని రాసింది.

మీరెవరైనా ఆ దారిన వెళ్ళి, జెండా చూస్తూ నడిచి దానికి తట్టుకుంటే ఇటుకని తిట్టకండి. అది నా పని. వంగి మూల ఒకసారి చూడండి. ఖాళీగానే ఉందని నాకు కబురు చెయ్యండి.